రాత్రి మాత్ర, రాత్రి క్వార్టర్

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా ఉద్యమం రాష్ట్రమంతా పాకింది 1992లో. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే మనం నాకో అనేది, పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత ఈ రెండు కథలూ ఎవరి దారిన అవి నడిచాయి. మద్యం ఎక్సైజ్ శాఖ లెక్క, హెచ్‌ఐవీ ఆరోగ్యశాఖ లెక్క. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో అదీ పోయింది. సిక్కోలు పల్లెల్లో నాటుసారా, పార్వతీపురం కొండల్లో ఇప్పసారా మాత్రం ఏ జీవో వచ్చినా ఆగలేదు. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది.

దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. ఉత్తరాంధ్రలో జాతీయ రహదారి, వలస రెండూ పాతవే. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రంలోకి దిగే లారీలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దాటే పోతాయి. చేపల వేటకు గుజరాత్ తీరం, భవన నిర్మాణానికి హైదరాబాద్, చెన్నై. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే మగవాళ్ల సాయంత్రాలు ఎలా గడుస్తాయో వేరే చెప్పక్కర్లేదు. అలాగని వలస కూలీ మీద తప్పంతా తోసేయటం నాకు నచ్చదు. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 0.67. జనాభాలో అంత పాకినదాన్ని ఒక్క వృత్తికి అంటగట్టలేం.

అసలు చిక్కు మందులతో మొదలైంది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు ఇవ్వటం, మొదలుపెట్టినప్పుడు వాడిన వాటిలో నెవిరాపిన్ ఒకటి. అది కాలేయాన్ని దెబ్బతీయగలదు. అందుకే కౌన్సెలర్లు ‘తాగావో, అంతే’ అని గట్టిగా చెప్పేవాళ్లు. ఆ మాట తప్పు కాదు. జనంలోకి మాత్రం వేరేలా వెళ్లింది: తాగిన రోజు మాత్ర వేసుకోకూడదు! ‘తాగీసి మాత్రేసుకుంటే గుండె ఆగిపోద్దంట కదమ్మా’ అని అడిగేవాడు తాగుడు మానడు, ఆ పూట మాత్రే మానేస్తాడు. తర్వాత ఎఫావిరెంజ్ వచ్చింది. తల తిరుగుడు, వింత కలలు తెస్తుంది కాబట్టి పడుకునే ముందు వేసుకోమన్నారు. అంటే మాత్ర వేళ, తాగుడు వేళ ఒకటే అయ్యాయి. ఇప్పుడు వాడుతున్న డోలుటెగ్రావిర్ మాత్రకు ఆ గొడవ లేదు, ఏ పూటైనా వేసుకోవచ్చు. అయినా ఏళ్ల తరబడి పట్టిన రాత్రి అలవాటు అంత తేలిగ్గా పోదు.

హెచ్‌ఐవీ మెదడును కూడా దెబ్బతీస్తుందన్న సంగతి ఈ ప్రాంతంలో ఇంకా చర్చకే రాలేదనిపిస్తుంది. నిజానికి అది కొత్తది కాదు. ఎయిడ్స్ రోగుల్లో మతిమరుపు, నెమ్మదితనం, నడకలో తడబాటు కలిసి వచ్చే జబ్బును న్యూయార్క్ వైద్యులు 1986లోనే వర్ణించారు. మందులు వచ్చాక ఆ తీవ్ర రూపం బాగా తగ్గింది, తేలికపాటిది మిగిలింది. 2010లో వెలువడిన చార్టర్ అనే అమెరికా అధ్యయనం 1,555 మందిని పరీక్షించి, 52 శాతం మందిలో ఏదో ఒక స్థాయి లోపం ఉందంది. వాళ్లలో చాలామందికి రోజువారీ ఇబ్బందేమీ లేదు కాబట్టి ఆ అంకె చూసి హడలిపోనక్కర్లేదు. మన దేశంలో ఎక్కువగా ఉన్న సి రకం వైరస్ మెదడు జోలికి అంతగా పోదని కొన్నాళ్లు అనుకున్నారు. మందులు మొదలుపెట్టని వాళ్ల మీద బెంగళూరు నిమ్హాన్స్‌లో జరిగిన అధ్యయనం 2007లో ఆ ధీమాను తగ్గించింది.

దెబ్బతినేవి ఏమిటంటే జ్ఞాపకం, ముందుచూపు, ‘ఆగు’ అని తనకు తాను చెప్పుకునే శక్తి. మద్యం కొట్టేదీ సరిగ్గా వాటినే. ఇక కౌన్సెలింగ్ గదిలో జరిగేది చూడండి. చెక్క నమూనాకు కండోమ్ తొడిగి చూపిస్తారు. గడువు తేదీ చూడండి, పళ్లతో చింపకండి, కొన దగ్గర గాలి లేకుండా పట్టుకోండి అంటారు. ఎదురుగా కూర్చున్నాయన అన్నిటికీ తలూపుతాడు. వారం తర్వాత, క్వార్టర్ వేశాక, చీకట్లో అవన్నీ వరసగా గుర్తు రావాలి. మెదడు బాగున్నవాడికే అది కష్టం. దాన్ని నిర్లక్ష్యమని రాసేసుకుంటాం. 2017 హెచ్‌ఐవీ చట్టం పదో సెక్షన్ కూడా, కౌన్సెలింగ్ పొందిన పాజిటివ్ వ్యక్తి ఇతరులకు సోకకుండా జాగ్రత్తలు తీసుకోవాలని చెబుతుంది. చెప్పింది మెదడులో నిలిచిందా అన్నది అందులో లేదు.

తెలుసుకునే దారి పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. 2005లో వచ్చిన ఒక పరీక్షకు చదువు కూడా అక్కర్లేదు. కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు అని నాలుగు మాటలు చెబుతారు. అయిదు సెకన్లు బొటనవేలు, చూపుడువేలు గబగబా తాకించమంటారు. తర్వాత పిడికిలి, అరచేయి, చేతి అంచు వరసగా బల్ల మీద పెట్టమంటారు. చివర్లో ఆ నాలుగు మాటలూ అడుగుతారు. మొత్తం 12 మార్కులు. 10 లేదా అంతకు తక్కువ వస్తే ఇంకాస్త లోతుగా చూడాలి. తాగుడు గురించి డబ్ల్యూహెచ్‌ఓ పది ప్రశ్నలు ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే తాగి వచ్చిన రోజు చేయి తడబడితే దాన్ని జబ్బు కింద రాయకూడదు.

మరో సంగతి. మాత్రలు క్రమం తప్పకుండా పడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడనంతగా తగ్గి అలాగే నిలిస్తే, సెక్స్ ద్వారా అవతలివారికి హెచ్‌ఐవీ సోకదు. సిఫిలిస్, గనేరియాలకు కండోమ్ కావాల్సిందే. కానీ చీకట్లో కండోమ్ మరిచిపోయే మనిషికి, పొద్దున వేసుకున్న మాత్రే పెద్ద రక్షణ. అందుకని తాగేవాళ్ల మాత్రను డాక్టరును అడిగి పొద్దున్న అంబలి వేళకు మార్చుకోవటం మేలు. మాత్ర వేసుకునే మనిషి సరేనంటేనే, భార్యను కూడా కూర్చోబెట్టి చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లకు, ఈ మాత్రలో ఉండే టెనోఫోవిర్ అనే మందు వల్ల కిడ్నీ మీద అదనపు భారం ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ చూస్తుండాలి. పొద్దున మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, అప్పటికే తాగి ఉన్నా సరే.