బండి మీద దారి చూపే పరికరం: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో పెద్దవాళ్లు లైసెన్సు తెచ్చుకుని మోటారు సైకిల్ మీద దూర ప్రయాణాలకు సిద్ధమవుతున్నారు కనుక, బండికి ఏ నావిగేషన్ పరికరం మంచిది, దాన్ని ఎలా బిగించాలి అని మీరు అడిగినదానికి వివరంగా రాస్తున్నాను. ఏ పరికరం కొనాలన్న దాని మీద గంటల తరబడి ఆలోచించేవాళ్లు కూడా బిగింపును బయలుదేరే ముందు అయిదు నిమిషాల్లో ముగించేస్తుంటారు. ఇన్నేళ్లలో నాకు ఎదురైన ఇబ్బందులన్నీ ఆ అయిదు నిమిషాల పనిలోంచి వచ్చినవే.

ఈ పరికరం మనమున్న చోటును జీపీఎస్ అనే ఉపగ్రహాల వ్యవస్థ సాయంతో తెలుసుకుంటుంది. ఆ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి పరికరం దూరాన్ని లెక్కగడుతుంది. మూడు ఉపగ్రహాలు చోటును పట్టిస్తే, నాలుగోది పరికరంలోని చిన్న గడియారం తప్పును సరిదిద్దుతుంది. ఇందులో ఫోన్ టవరు ప్రమేయం తప్పనిసరి కాదు. సిగ్నల్ లేని అడవి దారిలో కూడా మీరెక్కడున్నారో ఫోనుకు తెలుస్తుంది, కానీ ఇంటర్నెట్ నుంచి రావలసిన మ్యాపు రాదు. అందుకే వెళ్లబోయే ప్రాంతం మ్యాపును ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇక ఫోనా, బండ్ల కోసమే తయారైన ప్రత్యేక పరికరమా అన్న ప్రశ్న. ఫోను తెర మన వేలి విద్యుత్ స్పర్శను గుర్తించి పనిచేస్తుంది కాబట్టి, మామూలు గ్లౌజు వేసుకున్న వేలిని పట్టించుకోదు, వాన చినుకు పడితే మాత్రం ఎవరో తాకారనుకుని మ్యాపును ఎటో జరిపేస్తుంది. పైగా ఎండలో తెర వెలుగును పూర్తిగా పెంచి, ఛార్జింగ్ కూడా పెడితే, ఫోను వేడెక్కి తెరను మసకబారుస్తుంది, ఒక్కోసారి పని ఆపేస్తుంది. ప్లాస్టిక్ సంచీలో మూసి పెడితే ఈ వేడి ఇంకా త్వరగా ముదురుతుంది. ప్రత్యేక పరికరాలను గ్లౌజులకూ వానకూ ఎండకూ తట్టుకునేలా చేస్తారు, ఖరీదూ అందుకు తగ్గట్టే ఉంటుంది. ఐపీ67 అన్న గుర్తు చూసి ఇక భయం లేదనుకోకండి: ఒక మీటరు లోతు నిలవనీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందని దాని అర్థం, బలంగా చిమ్మే నీటికి పరీక్ష వేరే ఉంది. నన్నడిగితే, అప్పుడప్పుడు ప్రయాణించేవారికి ఫోను చాలు, ఏడాది పొడవునా వానలో ఎండలో తిరిగేవారికి ప్రత్యేక పరికరమే మేలు.

ఫోను వాడేవాళ్లు మరొకటి జాగ్రత్తగా వినాలి. చేయి వణికినా ఫొటో చెదరకుండా ఉండడానికి నేటి ఫోన్ కెమెరాల్లో కటకాన్ని అయస్కాంతాలతో కదిలించే సున్నితమైన ఏర్పాటు ఉంటుంది. హ్యాండిల్ నుంచి గంటల తరబడి వచ్చే ఇంజను అదురు ఆ ఏర్పాటును దెబ్బతీయగలదని 2021 సెప్టెంబరులో యాపిల్ సంస్థే తన వినియోగదారులను హెచ్చరించింది. ఆ సంగతి తెలియని రోజుల్లో నేనూ ఫోనును గట్టి లోహపు క్లాంపుకు నేరుగా బిగించుకుని తిరిగాను. కొన్నాళ్లకు దాని కెమెరా ఏ వస్తువు మీదా నిలకడగా ఫోకస్ కాకుండా పోయింది, అందులో ఇంట్లోవాళ్ల ఫొటోలు తీయలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి ఫోనును హ్యాండిల్‌కు పట్టి ఉంచే మౌంటుకూ ఫోనుకూ మధ్య అదురును పీల్చుకునే రబ్బరు భాగం ఉన్నదే కొనండి, లేదా పాత ఫోనును ఈ పనికే కేటాయించండి.

బిగించే ముందు హ్యాండిల్ కొలత తెలుసుకోవాలి. చాలా బండ్లకు పట్టు దగ్గర గొట్టం వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, లావు హ్యాండిళ్లకు మధ్యభాగంలో 28.6 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలతకు సరిపోని క్లాంపును గుడ్డముక్కలు చుట్టి బిగిస్తే మొదటి గతుకుల దారిలోనే తిరిగిపోతుంది. చోటు విషయానికి వస్తే, 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, మీరు ట్యాంకు మీది తెర కోసం తల వంచితే ఆ దూరమంతా రోడ్డును చూడకుండా నడిపినట్టే. పరికరం స్పీడోమీటరుకు కాస్త పైన, తల కదపకుండా కంటిచూపు ఒక్కసారి దించితే కనబడే చోట ఉండాలి. అలాగని హెచ్చరిక దీపాలను కప్పేయకూడదు. మౌంటు చెయ్యి పొడవు పెరిగేకొద్దీ తెర ఊగడమూ పెరుగుతుంది కనుక పొట్టిదే ఎంచుకోండి. బిగించాక హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి, క్లచ్ కేబులు, బ్రేకు గొట్టం, యాక్సిలరేటర్ వైరు దేనికీ తగలడం లేదని, వదిలితే యాక్సిలరేటర్ దానంతటదే వెనక్కి వస్తున్నదని చూసుకోండి. ఈ పరీక్ష చేయనిదే బండి కదపవద్దు.

ఛార్జింగ్ కోసం బ్యాటరీ 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే యూఎస్‌బీ సాకెట్టు పెట్టించుకుంటారు కదా, దాని వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించండి, బండి తాళంచెవి తీసేస్తే కరెంటు ఆగేలా కలపమనండి. హ్యాండిల్ మెడ దగ్గర వైరును కాస్త వదులుగా ఉంచకపోతే ప్రతి మలుపుకూ లాగి లాగి తెగుతుంది.

గమ్యాన్ని బండి ఎక్కకముందే నమోదు చేయండి, మార్చవలసి వస్తే పక్కకు ఆపి మార్చండి. మలుపుల సూచనలను హెల్మెట్‌లో వినడానికి మీ ప్రాంతపు చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. బిగించిన ప్రతి బోల్టు మీద తల నుంచి పక్కనున్న లోహం దాకా రంగుతో ఒక గీత గీసి, మొదటి 100 కిలోమీటర్ల తరువాత ఆగి చూడండి. గీత రెండు ముక్కలుగా జరిగి కనిపిస్తే ఆ బోల్టు వదులవుతున్నట్టే, అక్కడే మళ్లీ బిగించి బయలుదేరండి.

ఇట్లు,
మీ పెదనాన్న