ముందుకు వాలిన గోడ

నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్లే దారుల్లో తాటిచెట్టు మీద పనిచేసుకుంటున్న గీత కార్మికుణ్ణి నిదానంగా గమనిస్తే, అంత ఎత్తున కూడా అతని రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయని తెలుస్తుంది. నడుమునూ మానునూ కలిపి చుట్టిన మోకు అతన్ని వెనక్కి పడనివ్వదు. ఒంటి బరువు పాదాల మీదుగా మానులోకి దిగిపోతుంది. కొండలెక్కే ఆట కోసం ఇంట్లోనే సాధన గోడ కట్టుకోవాలనుకునేవారు మొదట వేసుకోవలసిన లెక్క ఈ మోకులోనే ఉంది. మోకు లేనివాడికి ఆ పని చేతులు చేయాలి, ఎంత చేయాలన్నది గోడ వాలు నిర్ణయిస్తుంది.

అరవై కిలోల మనిషి గోడను పట్టుకుని ఉన్నాడనుకుందాం. చేతులకూ పాదాలకూ మధ్య 5 అడుగులు, గరిమనాభి, అంటే ఒంటి బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు, పాదాలకు 3 అడుగుల పైన, గోడకు ఒక అడుగు ఎడంగా ఉందనుకుందాం. పాదాలను ఆధారంగా తీసుకుని బలభ్రామకం, అంటే బలం తిప్పే శక్తి, లెక్క కడితే, నిట్టనిలువు గోడ మీద చేతులు లాగవలసింది బరువులో ఐదో వంతు, అంటే 12 కిలోలు మాత్రమే. గోడ మన మీదికి 20 డిగ్రీలు వాలితే అది సుమారు 24 కిలోలవుతుంది, 30 డిగ్రీలకు 28, 40 డిగ్రీలకు 32. ఇవన్నీ కనిష్ఠ విలువలు; ఒక చేయి వదిలిన క్షణంలో మొత్తం రెండో చేతి మీద పడుతుంది, పాదం జారితే ఒంటి బరువంతా వేళ్లదే. ఈ అంకెల్లో నాకు ఆసక్తికరంగా తోచిన సంగతి, మొదటి 20 డిగ్రీలే భారాన్ని రెట్టింపు చేయడం, తరువాతి 20 డిగ్రీలు కలిపేది 8 కిలోలే కావడం. ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన క్లైంబర్ బెన్ మూన్ పేరుతో ప్రసిద్ధమైన సాధన బోర్డు, మూన్‌బోర్డు, వాలు 40 డిగ్రీలు కాబట్టి మనకూ అంతే కావాలని పట్టుబట్టేవారున్నారు. అది బాగా ఆరితేరినవారి కోసం పుట్టిన బోర్డు. ఒలింపిక్స్‌లో వేగపు పోటీ జరిగే 15 మీటర్ల గోడ వాలు 5 డిగ్రీలే. ఇంటికి 30 డిగ్రీలు చాలునని నా అభిప్రాయం.

ఆ అభిప్రాయానికి మన ఇళ్ల స్లాబు ఎత్తు కూడా ఒక కారణం. పదడుగుల ఎత్తున్న గదిలో, నేల దగ్గర పాదాలు పెట్టుకోవడానికి ఒక అడుగు నిలువు పలక వదిలి, దాని మీద 10 అడుగుల పొడవైన బోర్డును 30 డిగ్రీల వాలులో నిలిపితే మొత్తం ఎత్తు 9 అడుగుల 8 అంగుళాలకు వస్తుంది, బోర్డు పైకొన గదిలోకి 5 అడుగులు చొచ్చుకొస్తుంది. అదే బోర్డును 40 డిగ్రీలకు వంచితే ఎత్తు ఒక అడుగు తగ్గిపోతుంది, గదిలోకి మాత్రం దాదాపు ఆరున్నర అడుగులు వస్తుంది. వెనక్కి పడే చోటును కూడా కలుపుకుంటే మామూలు పడకగదిలో మంచానికి చోటుండదు.

ఇక బోర్డు సంగతి. మనకు దొరికే ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. మందం 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పట్టులను, అంటే చేతులతో పట్టుకోవడానికీ కాళ్లు ఆనించడానికీ గోడకు బిగించే ముక్కలను, నిలిపే బోల్టుల కోసం షీటు నిండా రంధ్రాలు వేయాలి. అంచు నుంచి 4 అంగుళాలు వదిలి, ఆపైన 8 అంగుళాల ఎడంతో గీసుకుంటే వెడల్పులో 6, పొడవులో 12, వెరసి 72 రంధ్రాలు కుదురుతాయి. ఈ కొలతలో చిన్న అందం ఉంది. వెనుక నిలువు దూలాలను 16 అంగుళాల ఎడంతో పెడితే, అవి ఎడమ అంచు నుంచి 16, 32 అంగుళాల దగ్గర వస్తాయి. రంధ్రాల వరుసలేమో 12, 20, 28, 36 దగ్గర ఉంటాయి. దూలం ఎక్కడా రంధ్రానికి అడ్డురాదు. రంధ్రాన్ని ముందువైపు నుంచి వేయాలి, చిట్లే పేళ్లు వెనక్కి పోతాయి. బోల్టు మరలో దిగే, పళ్లున్న నట్టును (దీన్ని టీ-నట్టు అంటారు) వెనుక నుంచి దించాలి, బోల్టును బిగించేకొద్దీ దాని పళ్లు చెక్కలోకి ఇంకా లోతుగా దిగుతాయి.

తీరప్రాంతంలో సర్వి కర్రలు చవకగా దొరుకుతాయి కదా, వాటితోనే చట్రం కట్టవచ్చునా అన్న ఆలోచన నాకూ వచ్చింది. గుండ్రటి కర్ర మీద షీటు సమంగా కూర్చోదు, పచ్చి కర్ర ఎండేటప్పుడు మెలిక తిరుగుతుంది. గ్రిల్లులు చేసే వెల్డింగు షాపులో చదరపు ఇనుప పైపులతో చేయించుకోవడమే మేలు. చట్రాన్ని గోడకు బిగించదలిస్తే కాంక్రీటు పిల్లరుకో బీముకో బిగించాలి తప్ప, నడుమ కట్టిన ఇటుక గోడను నమ్మకూడదు. భారాన్ని ఒక్కసారిగా వేసినప్పుడు సాగే గుణమున్న ఏ కట్టడమైనా, అదే భారాన్ని మెల్లగా వేసినప్పటికంటే రెట్టింపు వంగుతుందని ఇంజనీరింగు పాఠం చెబుతుంది. ఎగిరి పట్టుకునే మనిషి సరిగ్గా అలాంటి భారమే.

మేడ మీద ఖాళీ ఉంది కదా అని అక్కడ నిలబెట్టేవారు తుపానును లెక్కలోకి తీసుకోవాలి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున్న బోర్డుకు గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే కలిగే నెట్టుడు ఇంచుమించు 350 కిలోల బరువుకు సమానం. అంటే ఐదారుగురు మనుషులు కలిసి ఒకేసారి వేలాడినట్టు.

నెల్లూరు వానలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. నేను మొదట కొన్న చవక ప్లైవుడ్ ఆ మూడు నెలల్లోనే అంచుల దగ్గర ఉబ్బి పొరలు విడిపోయింది. పలక ముఖం కంటే కోసిన అంచు నుంచే నీరు వేగంగా పీల్చుకుంటుంది. అందుకే నీటికి తట్టుకునే, ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం గుర్తున్న మెరైన్ ప్లై తీసుకున్నా, అంచులకూ రంధ్రాల లోపలికీ ప్రైమరు పట్టించాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడం తీరవాసులకు కొత్త కాదు. రంగులో సన్నగా జల్లించిన పెన్నా ఇసుక కలిపితే పాదాలకు పట్టు వస్తుంది, మోతాదు మించితే వేళ్ల చర్మం లేచిపోతుంది. పట్టులకు వేప చెక్క బాగుంటుంది, అంచులను గుండ్రంగా అరగదీయాలి. చీమకుర్తి నుంచి గ్రానైట్ ముక్కలు తెచ్చి బిగిద్దామన్న మిత్రుడి సలహాను మాత్రం నేను నవ్వి వదిలేశాను. ఆ రాయికి మెరుపెక్కించేకొద్దీ జారుతుంది, ఊడిందంటే కింద ఉన్నవాడి తల మీదే పడుతుంది.

తేమ చెక్కనే కాదు, చేతినీ ఓడిస్తుంది. చెమటతో మెత్తబడిన చర్మం పట్టు మీద జారుతుంది కాబట్టే ఎక్కేవారు మెగ్నీషియం కార్బొనేట్ పొడి పూసుకుంటారు. జిమ్నాస్టిక్స్‌లోని ఈ అలవాటును 1950లలో అమెరికాకు చెందిన జాన్ గిల్ బండలెక్కే ఆటలోకి తెచ్చాడు. తెల్లవారుజామున సాపేక్ష ఆర్ద్రత ఎక్కువ కనుక అప్పుడు సాధన పనికిరాదని కొందరంటారు. కానీ చెమట ఆరడం చర్మం దగ్గరి ఆవిరి పీడనానికీ గాలిలోని ఆవిరి పీడనానికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. గాలిలో ఉన్న నీటి ఆవిరి తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు, మారేది ప్రధానంగా ఉష్ణోగ్రత. చల్లటి వేళ శరీరానికి తక్కువ చెమట పడుతుంది కాబట్టి ఆ వేళే మంచిది. ఒక ఫ్యాను తోడైతే మరీ మంచిది.

పడటం తప్పదు. ఐదడుగుల నుంచి వెల్లకిలా పడిన శరీరాన్ని పరుపు ఆరంగుళాలు కుంగి ఆపితే సగటు తాకిడి ఒంటి బరువుకు 11 రెట్లుంటుంది. గచ్చు మీద ఒక అంగుళంలోనే ఆగవలసి వస్తే 61 రెట్లు. మెత్తటి బూరుగు దూది పరుపు ఒక్కటే వేస్తే మడమ దిగబడి చీలమండ మెలితిరుగుతుంది కాబట్టి కింద మెత్తటి నురగ, పైన గట్టి పొర ఉండాలి. పరుపుల మధ్య సందు మిగలకూడదు.

వేళ్ల సంగతి మరింత సున్నితమైనది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. స్నాయువులకూ, వాటిని ఎముకకు ఆనించి ఉంచే ఉంగరాల వంటి కట్లకూ నెలలు పడుతుంది. వేళ్లను మడిచి సన్నటి అంచును పట్టుకున్నప్పుడు ఆ కట్ల మీద పడే భారం వేలికొన మోసే బరువుకు కొన్ని రెట్లు. ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లలకు పెద్ద పట్టులే ఇవ్వాలి, వేళ్ల కీళ్లలో నొప్పి అంటే ఆ రోజుకు దింపేయాలి.

వానలు వెనుదిరిగాక, సంక్రాంతికి ముందు, బోల్టులన్నిటినీ ఒకసారి ఎలెన్ కీతో (ఆరు పలకల బిగింపు కడ్డీతో) తిప్పి చూసుకోవాలి. ఉబ్బిన చెక్క ఎండి తిరిగి కుంచించుకున్నప్పుడు సగం పట్టులు వదులై ఉంటాయి.