ఈ-రీడర్‌తో చెయ్యి ఎందుకు లాగుతుంది: అపోహలు - వాస్తవాలు

నేను హ్యాండ్ థెరపీ చేస్తాను, అంటే వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి నొప్పులతో వచ్చేవాళ్ళకి ఎక్సర్‌సైజులు చేయించడం, స్ప్లింట్లు (కీలుకి ఆసరాగా పెట్టే కట్లు) కట్టడం, రోజూ చేసే పనుల్ని నొప్పి లేకుండా ఎలా చేసుకోవాలో చూపించడం. ఈ-రీడర్ అంటే డిజిటల్ పుస్తకాలు చదవడానికే చేసిన చిన్న స్క్రీన్ పరికరం. ఈమధ్య "చెయ్యి నొప్పి రాకుండా ఏ ఈ-రీడర్ కొనమంటారు" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అసలు అపోహ ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి దాంతోనే మొదలెడతా.

"తేలికైనది కొంటే చాలు, నొప్పి రాదు"

సగమే నిజం. 2007లో వచ్చిన మొదటి కిండిల్ (అమెజాన్ వాళ్ళ ఈ-రీడర్) దాదాపు 290 గ్రాములు, 2022లో వచ్చిన మామూలు కిండిల్ 158 గ్రాములు. ఇంచుమించు సగం తగ్గింది కదా, అయినా బొటనవేలు పట్టుకుని వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఎందుకంటే నొప్పి తెచ్చేది బరువు కన్నా పట్టు. మీరెలా పట్టుకుంటారో ఓసారి చూసుకోండి. చాలామంది కింది మూల దగ్గర బొటనవేలు ముందు, మిగతా వేళ్ళు వెనక పెట్టి గిల్లినట్టు పట్టుకుంటారు, అది జారకుండా కింద చిటికెన వేలు ఆన్చుతారు. బొటనవేలి కొసతో ఒక కిలో బలం పెట్టి గిల్లితే దాని మొదట్లో, మణికట్టు పక్కనుండే కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుంది, ఇది మా ఫీల్డులో పాత లెక్కే. రీడర్‌కి కిలో బలం అక్కర్లేదు, ఒప్పుకుంటా, కానీ కింది మూల పట్టుకున్నప్పుడు పైభాగం అటో ఇటో వాలిపోతుంటుంది, అలా వాలకుండా ఆపే పని మొత్తం బొటనవేలిదే, అదీ గంటసేపు కదలకుండా.

అందుకే నేను ముందు కొత్త రీడర్ చెప్పను, వెనక అతికించే ఎలాస్టిక్ పట్టీ చెప్తా. అందులోకి నాలుగు వేళ్ళూ దూరిస్తే రీడర్ అరచేతి మీద కూర్చుంటుంది, బొటనవేలు పూర్తిగా వదిలేసినా పడదు. వదిలేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది అప్పటిదాకా ఎంత బిగబట్టారో. ఫోన్ల వెనక పెట్టే రింగులు, గుండ్రటి పాప్ గ్రిప్పులు కూడా కొందరికి బాగానే ఉంటాయి, కానీ వేళ్ళ కీళ్ళు ఇప్పటికే వాచినవాళ్ళకి నేను వద్దంటా, బరువంతా ఒకటి రెండు వేళ్ళని పక్కకి లాగుతుంది. ఏది పెట్టినా రీడర్ మధ్యలోనే పెట్టండి, పైకో కిందకో పెడితే మళ్ళీ వాలుడు మొదలు.

"కవర్ ఉంటే పట్టు బాగుంటుంది"

కవర్ ఉన్నది స్క్రీన్ కోసం, మీ చేతి కోసం కాదు. పుస్తకంలా మడిచే కవర్లలో చాలావాటికి వంద గ్రాముల పైనే బరువు ఉంటుంది, అంటే మీరు డబ్బులు ఎక్కువ పెట్టి కొన్న తేలికతనం అక్కడికక్కడే చెల్లు. 2016 నాటి మొదటి కిండిల్ ఒయాసిస్ విడిగా 131 గ్రాములే, దాంతో ఇచ్చిన బ్యాటరీ కవర్ తగిలిస్తే 240 దగ్గరికి వచ్చేది. అలాగని కవర్ పారెయ్యమనట్లేదు, చాలా ఈ-ఇంక్ స్క్రీన్ల (ఈ-రీడర్లలో ఉండే, కాగితంలా కనిపించే తెరల) లోపల పల్చటి గాజు పొర ఉంటుంది, బ్యాగులో ఏదైనా గట్టిగా నొక్కినా పైన గీత కూడా పడకుండా లోపల పగిలిపోతుంది, సగం పేజీ అలా గీతలు గీతలుగా నిలబడిపోతుంది. బయటికి వెళ్ళేటప్పుడు వెయ్యండి, చదివేటప్పుడు తీసెయ్యండి, అంతే. తియ్యడం తేలిగ్గా ఉండే కవర్ కొనండి మరి, గోళ్ళు విరిగేవి కాదు.

"బటన్లు ఉన్నదే బెస్ట్"

పేజీ తిప్పే బటన్లకి ఫ్యాన్స్ ఎక్కువ, నాకూ ఇష్టమే. కోబో కంపెనీ లిబ్రా రీడర్ లాంటివాటిలో ఒక పక్క అంచు వెడల్పుగా ఉండి బటన్లు అక్కడే ఉంటాయి, రీడర్‌ని తలకిందులుగా తిప్పి పట్టుకుంటే స్క్రీన్ మీద అక్షరాలు కూడా తిరిగి సరిగ్గా కనిపిస్తాయి కాబట్టి ఎడమచేతికీ పనికొస్తుంది. కానీ బటన్ ఉంటే బొటనవేలు ఒకేచోట పాతుకుపోతుంది, అదే వేలు, అదే నొక్కుడు, వందల పేజీలు. టచ్‌లో వేలు లేచి వాలుతుంది, కాస్త కదలిక ఉంటుంది. కాబట్టి కాసేపు అది కాసేపు ఇది, చెయ్యి కూడా మారుస్తూ ఉండండి. ఒక్కటే ఎంచుకోవాలంటే నేను బటన్ కన్నా చెయ్యి మార్చడానికే ఓటేస్తా.

"ఈ-ఇంక్ కాబట్టి కళ్ళకి శ్రమే ఉండదు"

ఇది నా ఏరియా కాదు, కానీ కళ్ళ సంగతి మెడ దాకా వస్తుంది కాబట్టి చెప్తున్నా. ఫోన్‌లా లైటు వెనకనించి కళ్ళలోకి రాదు, అంచుల్లో ఉన్న చిన్న ఎల్ఈడీల వెలుగు స్క్రీన్ మీద పడి తిరిగొస్తుంది, అది మంచిదే. అయినా దగ్గరగా ఉన్నదాన్ని తదేకంగా చూస్తుంటే రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది, కళ్ళు పొడిబారతాయి, కాగితం అయినా ఇంతే. "ఈ-రీడర్లు నిద్ర చెడగొడతాయి" అని అందరూ షేర్ చేసే 2014 నాటి స్టడీ ఒకటుంది చూడండి, అందులో వాడింది ఐప్యాడ్, అదీ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పడుకునే ముందు 4 గంటలు! దాన్ని ఈ-ఇంక్‌కి అంటగట్టడం అన్యాయం.

నాకు సంబంధించిన భాగం ఫాంట్ సైజు. "చిన్న అక్షరాలైతే పేజీకి ఎక్కువ పడతాయి, తక్కువ తిప్పొచ్చు" అనుకుంటారు, కానీ అక్షరం సరిగ్గా ఆనకపోతే తల ముందుకి వస్తుంది, పెద్దవాళ్ళ తల దాదాపు 5 కిలోలు, ఆ బరువు మెడ వెనక కండరాలు మొయ్యాలి. తెలుగులో అయితే వత్తులు, గుడులు ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి సైజుతో పాటు లైన్ల మధ్య ఖాళీ కూడా పెంచండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఇవేవీ కుదరవు, 6 అంగుళాల స్క్రీన్ మీద వాటితో కుస్తీ పట్టకండి, పెద్ద స్క్రీన్ ఉంటే అందులో చదవండి.

"పేజీ తిప్పే రిమోట్ బద్ధకస్తుల వస్తువు"

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. రీడర్ అంచుకి ఒక క్లిప్, చేతిలో చిన్న మీట, మీట నొక్కితే క్లిప్ చివరున్న చిన్న ప్యాడ్ స్క్రీన్‌కి వేలు తగిలినట్టు భ్రమ కలిగిస్తుంది, పేజీ తిరుగుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) ఉన్నవాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు, పక్షవాతం తర్వాత ఒక చెయ్యే పనిచేసేవాళ్ళు దీంతో మళ్ళీ చదవడం మొదలెట్టారు, ఇందులో బద్ధకం ఎక్కడుంది? క్లిప్ మరీ బిగుతుగా ఉన్నది మాత్రం వద్దు, పైన గాజు గురించి చెప్పా కదా. వంగే మెడ ఉన్న స్టాండ్ కూడా కొంటుంటే కింది బిగింపు గట్టిగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ప్రతి ట్యాప్‌కీ రీడర్ ఊగుతుంది, రిమోట్ ఉంటే ఆ ఊగుడు ఉండదనుకోండి.

"పడుకుని చదివితే రెస్టే కదా"

మెడకి కావచ్చు, మోచేతికి కాదు. మోచెయ్యి బాగా మడిచి రీడర్‌ని మొహం దగ్గర పెట్టుకుంటే మోచేతి లోపలివైపు వెళ్ళే నరం సాగి నొక్కుకుంటుంది, కాసేపటికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం మణికట్టు వంచి పట్టుకుంటున్నారేమో చూసుకోండి, అది వేరే నరం. దిండు పొట్ట మీద పెట్టి రీడర్ దానికి ఆన్చితే రెండూ చాలావరకు తగ్గుతాయి, ఖర్చు కూడా లేదు. అలా మార్చినా, రీడర్ చేతిలో లేనప్పుడు కూడా తిమ్మిరి వస్తున్నా, రాత్రి దాంతో మెలకువ వస్తున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా ఇంకో యాక్సెసరీ వెతక్కండి, డాక్టర్‌కి చూపించుకోండి.