సిట్-అప్స్ వంద కొట్టినా వంద మీటర్ల టైమింగ్ ఎందుకు తగ్గదు?

కాలేజీ గ్రౌండులో స్ప్రింట్ కొట్టే పిల్లలు ప్రాక్టీస్ అవగానే గబగబా సిట్-అప్స్ లాగించేసి, కోర్ (పొట్ట, నడుము చుట్టూ ఉండే కండరాలు) పని అయిపోయిందనుకుంటారు. కానీ పరుగులో నడుము పదేపదే వంగదు కదా. దాన్ని అటూ ఇటూ పోనివ్వకుండా పట్టి ఉంచడమే పొట్ట కండరాల అసలు డ్యూటీ.

ఫుల్ స్పీడులో పాదం నేలమీద ఉండేది దాదాపు సెకనులో పదో వంతు. ఆ కాసేపట్లోనే ఒంటి బరువుకి మూడు నాలుగు రెట్ల భారం ఒంటికాలి మీద పడుతుంది. అప్పుడు గాల్లో ఉన్న కాలి వైపు కటి (నడుము కింద కాళ్లు కలిసే ఎముకల గూడు) కిందికి జారిందంటే, ముందుకి తొయ్యాల్సిన బలంలో కొంత ఆ ఊగడంలోనే పోయినట్టే.

తొడ వెనక పట్టెయ్యడానికీ దీనికీ లింకుంది. తొడ వెనక ఉండే కండరం, హ్యామ్‌స్ట్రింగ్, మొదలయ్యేది కటి ఎముక అడుగున, అంటే మనం కూర్చుంటే నేలకి ఆనే చోట. పొట్ట వదులై కటి ముందుకి వాలిందనుకోండి, ఆ ఎముక వెనక నుంచి పైకి లేస్తుంది, కండరం అప్పటికే సాగి ఉంటుంది, పైగా కాలు ముందుకి విసిరేసరికి ఇంకా సాగాలి. చివరి ముప్పై మీటర్లలో అలిసిపోయి నడుం విరుచుకుని పరిగెత్తేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ అందుకే.

ఉసేన్ బోల్ట్ వెన్నెముకే పక్కకి వంకర, స్కోలియోసిస్. కెరీర్ మొదట్లో దానివల్ల ఏటా గాయాలయ్యేవని, నడుమూ పొట్టా బలంగా ఉంచుకుంటే ఇబ్బంది పెట్టదని ఆయనే చెప్పాడు. 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో కొట్టింది ఆ వెన్నుతోనే.

మరి ఏం చెయ్యాలి? డెడ్ బగ్‌తో మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని, చేతులూ మోకాళ్లూ పైకెత్తి, కుడి చెయ్యి తలవైపు, ఎడమ కాలు ముందుకి మెల్లగా దించాలి. నడుము కింద సందు పెరిగిందా, అక్కడితో ఆపెయ్యాలి, అంతకంటే కిందికి దించి లాభం లేదు. తర్వాత సైడ్ ప్లాంక్, అంటే పక్కకి తిరిగి మోచేతి మీద ఆని నడుము పైకెత్తి ఒళ్లు తిన్నగా ఉంచడం, పది సెకన్ల చొప్పున నాలుగైదుసార్లు. ఐదు నిమిషాల ప్లాంక్ ఫోటోలకి బాగుంటుందంతే. ఇవి కుదిరాక నిలబడి చేసేవి: మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం, ఒంటికాలి స్క్వాట్లు.

కోర్ ఒక్కటే స్పీడు పెంచుతుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి, పరిశోధనల్లో కూడా ఫలితాలు ఒకేలా రాలేదు. స్పీడు వచ్చేది ముందు స్ప్రింట్లతో, ఆ తర్వాత కాళ్ల బలంతో. మీకు ఏది అవసరమో తేల్చుకోవాలంటే, ఫ్రెండ్‌తో వెనకనుంచి స్లో మోషన్ వీడియో తీయించుకుని షార్ట్స్ నడుం పట్టీని గమనించండి, ప్రతి అడుక్కీ ఒక పక్కకి బాగా ఒరిగిపోతోందంటే ముందు సైడ్ ప్లాంక్ సంగతి చూడండి.