షెడ్డులో నిలిచిన మారుతి మొరాయిస్తే

కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) ఉన్న పాత మారుతి 800లు ఇంకా చాలా ఇళ్ల షెడ్డుల్లో ఉన్నాయి. అమ్మబుద్ధి కాదు, తిప్పే పని ఉండదు. నెల రోజుల తర్వాత కవరు తీసి కీ తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. మెకానిక్ వచ్చి ప్లగ్గులు మారుస్తాడు, నిప్పురవ్వ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్లు మారుస్తాడు, ఆపైన కార్బురేటర్ విప్పుతాడు. ఆ రోజుకి బండి కదులుతుంది. మళ్లీ మూడు వారాలు నిలబెడితే కథ మొదటికొస్తుంది. చాలాసార్లు మార్చిన సామాన్లలో ఏదీ పాడైపోయి ఉండదు. అసలు రోగం నిలబడి ఉండటమే.

స్పానర్ పట్టే ముందు చెవి పెట్టండి. సెల్ఫ్ ఈడ్చుకుంటూ, మూలుగుతూ తిరుగుతోందా, లేక హుషారుగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

మూలుగుతుంటే కరెంటు సంగతి. మల్టీమీటర్ పెట్టి చూస్తే నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీని నమ్మడానికి లేదు. దిగకపోయినా మూలుగుతుంటే మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి ఇంకొకరిని కీ తిప్పమనండి. 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కి కలిపే తీగ) చివర తుప్పో, టెర్మినల్ మీద తెల్లటి పొట్టో కరెంటును మింగేస్తున్నట్టు. వేడినీళ్లు, వంటసోడా, సాండ్ పేపర్‌తో తీరే పని ఇది. దీనికే కొత్త బ్యాటరీ కొన్నవాళ్లు ఎందరో.

నీరసించిన బ్యాటరీ ఇంకో మాయ కూడా చేస్తుంది. ఉన్న కరెంటంతా సెల్ఫ్ మోటారు లాగేసుకుంటే ప్లగ్గులకు కరెంటు పెంచి పంపే కాయిల్‌కి 8 వోల్టులు కూడా మిగలకపోవచ్చు. ఇంజిన్ తిరుగుతుంది కానీ ప్లగ్గులో నిప్పురవ్వ చాలదు. అలాంటి బండిని నలుగురూ తోసి రెండో గేరులో క్లచ్ వదిలితే టక్కున అందుకుంటుంది. తోస్తే లేచి, సెల్ఫ్‌కి లేవకపోతే ముందు అనుమానం బ్యాటరీ మీదే పెట్టుకోవాలి.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా స్టార్ట్ కాకపోవడమే అసలు ముడి. అది విడాలంటే కార్బురేటర్ పక్కనున్న చిన్న గిన్నెను అర్థం చేసుకోవాలి. ఫ్లోటు తేలే ఆ గిన్నెలో కొద్దిపాటి పెట్రోలే నిలవ ఉంటుంది. దానికి గాలి ఆడే కన్నం ఉంది. ఇంజిన్ ఆపగానే కింది వేడికి పెట్రోల్ ఆవిరి కావడం మొదలవుతుంది. మన ఎండల్లో అది ఇంకా తొందరగా సాగుతుంది. వారాలు గడిచేసరికి గిన్నె ఎండిపోతుంది. దాన్ని మళ్లీ నింపాల్సింది ఇంజిన్ వాల్వులు తెరిచే ఇరుసు, అంటే క్యామ్ షాఫ్ట్, నడిపే పంపు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది, క్యామ్ అందులో సగం. అంటే పది సెకన్లు సెల్ఫ్ కొడితే పంపు 17 సార్లు మాత్రమే ఊపిరి తీస్తుంది. వెనక ట్యాంకు నుంచి ముందుదాకా గొట్టం కూడా ఖాళీ అయి ఉంటే ఆ పదిహేడూ గాలిని లాగడానికే సరిపోతాయి. పంపులో వాల్వులు సరిగ్గా మూసుకోకపోయినా, డయాఫ్రమ్‌కి (సాగే పలచటి పొర) పగులున్నా పెట్రోల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది.

గిన్నెలో పెట్రోల్ ఉందో లేదో ఇట్టే తెలుసుకోవచ్చు. ఇంజిన్ ఆపి ఉండగా ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. ఎలుక కాగితాలూ పీచూ చేర్చి గూడు పెట్టిందేమో అదీ చూడండి, వానాకాలంలో ఇది మామూలే. తర్వాత కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగను చేత్తో గట్టిగా లాగండి. సన్నటి పెట్రోల్ ధార చిమ్మితే గిన్నెలో పెట్రోల్ ఉంది. చిమ్మకపోతే గిన్నె ఎండి ఉండాలి, లేదా ఆ ధార చిమ్మే చిన్న పంపు, అంటే కార్బురేటర్‌లోనే ఉండే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ పోయి ఉండాలి. అప్పుడు అర చెంచా, అంటే రెండు మూడు మిల్లీలీటర్ల పెట్రోల్ గొంతులో పోసి, ఎయిర్ ఫిల్టర్ మూత తప్పకుండా బిగించాకే సెల్ఫ్ కొట్టండి. బ్యాక్‌ఫైర్ అయితే మంట పైకి తన్నుతుంది. దగ్గర్లో సిగరెట్, ముఖం వంచి చూసేవాళ్లు ఉండకూడదు. ఇంజిన్ అందుకుని రెండు సెకన్లు నడిచి ఆగిపోతే నిప్పురవ్వ బాగానే ఉంది, పెట్రోల్ అందడం లేదన్నమాట. ఇక గొట్టాలు, ఫిల్టర్, పంపు చూసుకోవాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు. నడుమ అర నిమిషం ఆగండి.

పోసినా ఉలకకపోతే ప్లగ్గు విప్పండి. తడిసి పెట్రోల్ వాసన కొడుతుంటే చోక్ (గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) ఎక్కువైంది. చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. పదేపదే తొక్కి వదిలితే ప్రతి తొక్కుడికీ ఇంకాస్త పెట్రోల్ చిమ్ముతుంది. ప్లగ్గు పొడిగా ఉండి నిప్పురవ్వ లేకపోతే కరెంటును ఒక్కో ప్లగ్గుకి పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి లోపలి చెమ్మ పొడిగుడ్డతో తుడవండి. పాయింట్లున్న మోడల్ అయితే వాటి ముఖాల మీద పట్టిన పొరను నున్నటి ఎమెరీ కాగితంతో ఒక్కసారి రుద్ది, గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. ప్లగ్గు తీగలను ఎలుక కొరికిందేమో చీకట్లో, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టిస్తూ చూడటం మేలు, కరెంటు బయటికి దూకితే నీలంగా కనబడుతుంది.

పెట్రోల్ ఉన్నా అది మండే పెట్రోలేనా అన్నది వేరే ప్రశ్న. పెట్రోల్ ఒకే ద్రవం కాదు. 35 డిగ్రీల దగ్గరే మరిగేవి మొదలుకుని 200 దాకా పట్టేవి అన్నీ కలిసిన మిశ్రమం. చల్లటి ఇంజిన్‌ను లేపేవి తేలిక భాగాలే, ముందు ఎగిరిపోయేవీ అవే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. ఆవిరి కావడానికి అది పెట్రోల్‌కంటే రెండు రెట్లకు పైగా వేడిని లాక్కుంటుంది. పైగా పూర్తిగా మండాలంటే కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 దగ్గర చాలు. పాత జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే సన్నటి కన్నాలు) 14.7 లెక్కకు కోసినవి కాబట్టి మిశ్రమం పలచనవుతుంది, చోక్ ఇంకొంచెం లాగాల్సి వస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకి దిగుతుంది, పంపుకి అందేదీ అక్కడిదే. గాజు సీసాలో కొంచెం పట్టి పావుగంట కదపకుండా ఉంచితే, అడుగున వేరే పొర ఉందో లేదో కంటికే తెలుస్తుంది. పొర కనబడితే ట్యాంకు దింపి ఖాళీ చేయడమే. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడి ఉంటే ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి.

ఇవన్నీ అయ్యాక చాలామంది వారానికోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి పెడతారు. అది మేలు కంటే కీడే. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ వేడెక్కకుండానే ఆపితే అందులో కొంత సైలెన్సర్‌లోనూ, ఇంజిన్ ఆయిల్‌లోనూ నీరై మిగులుతుంది. చోక్ మీద నడిచినంతసేపూ ప్లగ్గులకు మసి పడుతుంది. దానికంటే పదిహేను రోజులకోసారి ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద తిప్పి రావడం నయం. తిరిగొచ్చాక 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టేయండి. పోయేది స్టీరియోలో టైమ్ సెట్టింగ్ ఒక్కటే.