ఈనెపుల్లలు చెప్పే భూకంపం

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మాది ముప్ఫై అంతస్తుల అపార్ట్‌మెంట్. రిక్టర్ స్కేలు మీద ఎంతదాకా తట్టుకుంటుంది?"

అలా ఒక్క అంకె చెప్పడం కుదరదు. ఆ స్కేలు భూకంపం మొత్తం ఎంత పెద్దదో చెబుతుంది. భవనానికి మాత్రం తన కింద నేల ఎలా ఊగిందన్నదే లెక్క. బడిలో మొదటిది చెప్పి రెండోది వదిలేస్తారు. అసలు అందమంతా ఆ రెండోదాంట్లోనే ఉంది!

కొబ్బరి ఈనెలు నాలుగు తీసుకోండి, ఒక్కోటి ఒక్కో పొడవు. థర్మాకోల్ ముక్కకు వరసగా గుచ్చి, కొసలకు ఒకే సైజు గోధుమపిండి ఉండలు పెట్టండి. ఇప్పుడు ముక్కను అటూ ఇటూ గబగబా ఆడించండి. పొట్టి ఈనె గిలగిలా కొట్టుకుంటుంది, పొడుగుదాని ఉండ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. నెమ్మదిగా ఆడిస్తే పొడుగుది వంగి వంగి ఊగుతుంది, పొట్టిది థర్మాకోల్‌తో పాటే కదులుతుంది.

ఇంజినీర్లు చేసేదీ ఇదే. నిజమైన భూకంపంలో నేల కదిలిన రికార్డు తీసుకొని, దాని మీద వందల ఊహా ఈనెలను లెక్కగట్టి ఊపుతారు. ఒక్కో ఉండకు కలిగిన గరిష్ఠ త్వరణాన్ని, ఆ ఈనె ఒకసారి ఊగిరావడానికి పట్టే కాలానికి ఎదురుగా గుర్తిస్తారు. ఆ చుక్కలు కలిపితే వచ్చే గీతే రెస్పాన్స్ స్పెక్ట్రమ్. భూకంపం రాగానే టీవీల్లో గ్రహాల కూటమి గురించి గంటలు మాట్లాడతారు. ఈ గీతను ఐదు నిమిషాలు చూపిస్తే ఎంత బాగుండు!

1985 సెప్టెంబర్ 19న మెక్సికో నగరంలో ఆ గీత ఒక్కచోట కొండలా లేచింది. భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరం. కానీ నగరంలో చాలా భాగం పాత సరస్సు బంకమట్టి మీద ఉంది. అక్కడ భూకంపాన్ని నమోదు చేసే ఒక స్టేషన్‌లో నేల త్వరణం గురుత్వ త్వరణంలో 17 శాతమే. ఒకసారి ఊగిరావడానికి రెండు సెకన్లు పట్టే ఈనెకు మాత్రం అది దాదాపు నూరు శాతం!

భవనం ఊగే కాలం అంతస్తుకు 0.1 సెకను అన్నది మోటు లెక్క. ఆ ప్రకారం ఇరవై అంతస్తులవి పడాలి. కానీ ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తులవి. ఎందుకంటే పగుళ్లు వచ్చిన భవనం మెత్తబడుతుంది, దాని ఊగే కాలం సాగుతుంది. ఒక్క సెకనుది రెండు సెకన్ల వైపు, అంటే నేరుగా ఆ కొండ మీదికే నడిచింది. అదే నగరంలో, ఊగే కాలం ఆ కొండను దాటేసిన 44 అంతస్తుల లాటినో అమెరికానా టవర్ మాత్రం నిలబడింది.

ఎత్తైన భవనం ఒకే తీరులో ఊగదు. మొదటి ఊపు నాలుగు సెకన్లదైతే, నడుము దగ్గర ఎదురు వంపు తిరిగే రెండో ఊపు ఒక సెకను చుట్టుపక్కల ఉండొచ్చు. అందుకే గీత మీద ఒక్క చుక్క చాలదు. చాలా కాలాల దగ్గరి విలువలకు గుణోత్తర సగటు (కూడి భాగించే బదులు, గుణించి మూలం తీసే సగటు) తీసే పద్ధతి వచ్చింది.

ఇక మన పాఠకుడి అపార్ట్‌మెంట్. ముప్ఫై అంతస్తులంటే మోటు లెక్కలో మూడు సెకన్లు. భూకంపాలకు తట్టుకునే కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 ఉంది. దాని 2016 నాటి లెక్కలో, మూడు సెకన్ల భవనానికి గీత ఇచ్చే గుణకం రాతి నేల మీద 0.33, మెత్తటి నేల మీద 0.56. అందులోనే భూకంప ముప్పును బట్టి చేసిన విభజనలో హైదరాబాద్ రెండో జోన్, విజయవాడ మూడో జోన్. జోన్ గుణకాలు వరసగా 0.10, 0.16. ఈ రెండు రకాల గుణకాలనూ హెచ్చవేయాలి. అదే భవనాన్ని హైదరాబాద్ గ్రానైట్ మీద నుంచి విజయవాడ దగ్గర మెత్తటి ఒండ్రు మీదికి మారిస్తే, డిజైన్‌లో తీసుకోవాల్సిన భూకంప బలం రెండున్నర రెట్లు దాటుతుంది.