టూ క్రౌడెడ్ అవర్స్ ఎందుకు పోయింది?

బ్రిటిష్ డైరెక్టర్ మైకేల్ పావెల్ 1931లో తీసిన టూ క్రౌడెడ్ అవర్స్ చూద్దామంటే ఇప్పుడు ఎక్కడా ప్రింట్ లేదు. ముప్పావుగంట కూడా ఉండని బ్రిటిష్ సినిమా, క్రైమ్ కథలో కామెడీ కలిపారు, జెర్రీ వెర్నో లండన్ టాక్సీ డ్రైవర్‌గా వేశాడు, ఆ పాత్ర జనానికి నచ్చి అదే డ్రైవర్‌తో మై ఫ్రెండ్ ది కింగ్ అని ఇంకోటి తీశారు, అదీ పోయింది.

అసలు ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే 1927 నాటి చట్టం దాకా వెళ్ళాలి. అప్పటికి బ్రిటన్ థియేటర్లలో ఆడే వాటిలో సొంత సినిమాలు 5 శాతమే, మిగతావి చాలావరకు హాలీవుడ్‌వి. దాంతో ప్రభుత్వం కోటా పెట్టింది, డిస్ట్రిబ్యూటర్లు ఏడున్నర శాతం, థియేటర్లు 5 శాతం బ్రిటిష్ సినిమాలే తీసుకోవాలని, తర్వాత అది 20 శాతం దాకా పెరుగుతూ పోయింది. ఇందులో క్వాలిటీ గురించి గానీ కనీస ఖర్చు గురించి గానీ ఒక్క ముక్క లేదు. నా లెక్కలో అసలు తప్పు ఇక్కడే జరిగింది. అమెరికన్ కంపెనీల లండన్ ఆఫీసులు కోటా నింపుకోడానికి చిన్న ప్రొడ్యూసర్లకి ఫిల్మ్ అడుగుకి ఒక పౌండు చొప్పున ఇచ్చి వారం, రెండు వారాల్లో సినిమాలు తీయించుకున్నాయి. పొద్దున్నే హాల్లో ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ లేనప్పుడు వీటిని ఆడించేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు, అలా మొత్తానికి కోటా క్వికీలు, అంటే కోటా కోసం హడావిడిగా తీసిన ఈ సినిమాలు, చెత్త అని ముద్ర పడిపోయింది. టూ క్రౌడెడ్ అవర్స్ కూడా వాటిలో ఒకటే.

ఆ ముద్ర న్యాయం కాదు. టాకీలు కొత్త, మాటతో నవ్వించేవాళ్ళు కావాలి, లండన్‌లో స్టేజీ నటులకి కొదవ లేదు, పగలు షూటింగ్ చేసి రాత్రి నాటకానికి వెళ్ళిపోయేవాళ్ళు. పావెల్ కూడా ఏడాదికి నాలుగైదు ఇలాంటివి తీస్తూనే పని నేర్చుకున్నాడు, ఇంకో దారిలో ఆ వయసు కుర్రాడికి అన్ని ఛాన్సులు ఎవరిస్తారు?

1938లో కొత్త చట్టం కనీస ఖర్చు రూల్ పెట్టడంతో క్వికీల కాలం అయిపోయింది. కానీ రిలీజ్ అయ్యాక వాటి ప్రింట్లు దాచాలని ఎవరికీ అనిపించలేదు, పైగా నైట్రేట్ ఫిల్మ్, తొందరగా అంటుకుంటుంది, ఊరికే ఉంచినా కుళ్ళి పొడైపోతుంది. 2010లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దొరకాల్సిన 75 సినిమాల లిస్ట్ పెట్టి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పమని అడిగింది. అందులో టూ క్రౌడెడ్ అవర్స్ కూడా ఉంది.